నూరు మార్కుల పెట్రోలు

శుక్రవారం పొద్దున ఖుబాద్ పెట్టుకున్న పనులు మూడే. కారుకు పట్టిన దగ్గు మాన్పించడం, బజారుకు వెళ్ళి సుబూర్ చేపలు తేవడం, మధ్యాహ్నం భార్య తూబా ఆ చేపల్లో చింతపండూ కొత్తిమీరా కూరి కాల్చి పెడితే సుష్టుగా తిని కూలరు ముందు పడుకోవడం. ఆబాదాన్ ఊరినంతా రోడ్డు మీదికి తెచ్చే ఉద్దేశం ఆ పూటకి అతనికి ఎంతమాత్రమూ లేదు.

అతని పాత పేకాన్ కారు చదును రోడ్డు మీద బుద్ధిగానే నడిచేది. నది మీద వంతెన ఎక్కేసరికి మాత్రం బానెట్టు కింద ఎవరో గులకరాళ్ళు ఆడిస్తున్నట్టు టకటకలాడేది. ఇంకెవరి కారైనా అయితే పోనీలే అనుకోవచ్చు. ఖుబాద్ ఉద్యోగమే ఆ టకటకను కొలవడం. నది ఒడ్డున ఒక ప్రైవేటు ఇంధన పరీక్షశాల ఉంది. అందులో పెట్రోలుకు మార్కులు వేసే ఒంటి సిలిండరు ఇంజను ఉంది. పద్దెనిమిదేళ్ళుగా దాని ముందు కూర్చుని, నమూనా పెట్రోలు పోసి, పిడి తిప్పి లోపలి ఒత్తిడి పెంచుకుంటూ పోవడం అతని పని. ఎక్కడో ఒకచోట పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని టకటకమంటుంది. ఎంత ఓర్చుకుంటే అన్ని మార్కులు. ఎంత నొక్కినా ఉలకని పలకని ఒక ద్రవానికి నూరు, తాకితే చాలు గోలపెట్టే ఇంకో ద్రవానికి సున్నా. లోకంలోని పెట్రోళ్ళన్నిటికీ ఆ రెండే కొలబద్ద. ఆ నూరు మార్కుల ద్రవం విదేశాల నుంచి పీపాల్లో వస్తుంది, తాళం వేసిన గదిలో ఉంటుంది.

అలాంటి మనిషి కారుకే దగ్గు పట్టిందంటే వీధిలో తల ఎత్తుకోవడం కష్టమే. ఎదురింటి జాసిబ్ నాఖుదా ఊరుకునే రకం కాదు. నలభై ఏళ్ళు ఓడలు నడిపి రిటైరైన మనిషి. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, సాసర్లో టీ చల్లార్చుకుంటూ, వచ్చేపోయేవాళ్ళకి ఉచితంగా సలహాలు ఇస్తుంటాడు. వీధిలో అందరూ ఆయన్ని మామయ్య వరసలో ఖాలూ అంటారు.

"ఏరా ఖుబాదూ! ఊరి పెట్రోలుకంతా మార్కులు వేస్తావు గదా, నీ కారు ఏ క్లాసులో తప్పిందిరా?" అని గురువారం నలుగురి ముందూ అననే అన్నాడు.

అందుకని శుక్రవారం పొద్దున్నే ఖుబాద్ బానెట్టు ఎత్తాడు. డిస్ట్రిబ్యూటర్ నట్టు వదులు చేసి, దాన్ని వెంట్రుకవాసి పక్కకు తిప్పి, మళ్ళీ బిగించాడు. అలా తిప్పితే నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడుతుంది. కారులో చురుకు కొంచెం తగ్గుతుంది, టకటక పూర్తిగా తగ్గుతుంది. చేతులు కడుక్కునే సమయంతో కలిపినా పావుగంట పని.

"చేపలకేనా? నేనూ వస్తా పద," అంటూ నాఖుదా ముందు సీట్లో కూర్చున్నాడు.

కారు వంతెన ఎక్కింది. నిశ్శబ్దం. నడిమధ్యకు వచ్చింది. నిశ్శబ్దమే. నిద్రపోయేటప్పుడు తప్ప కళ్ళద్దాలు తీయని నాఖుదా వాటిని తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం చేశావురా దీన్ని?"

మా ఊరి సంగతి ఇక్కడ ఒక్కటి చెప్పుకోవాలి. "నట్టు తిప్పాను ఖాలూ" అనడం నిజమే గానీ మర్యాద కాదు. పెద్దమనిషి అంత ఆశగా అడిగితే చేతిలో ఒక నట్టు పెట్టి పంపడం పిసినారితనం. ఆబాదాన్‌లో అందరూ కోతలు కోస్తారు, అందరూ శ్రద్ధగా వింటారు, ఎవరూ నమ్మరు, ఎవరికీ నష్టం లేదు. ఖుబాద్ ఆ ఊరి గాలి పీల్చి పెరిగినవాడు.

"కారునేం చెయ్యలేదు ఖాలూ. పెట్రోలునే బాగుచేశా."

"పెట్రోలునా?"

"మరి? బంకులో పోసేదీ ఒక పెట్రోలేనా? ముడి చమురు కాచి, పైకి లేచిన ఆవిరి పట్టి చల్లారిస్తే వచ్చిందే గదా. దాంట్లో అణువులు సేమ్యాల్లాగా తిన్నగా, పొడుగ్గా ఉంటాయి. కాస్త వేడి తగిలితే పుటుక్కున విరిగి అంటుకుంటాయి. అదే టకటక. వాటిని జూల్బియా మిఠాయిలాగా చుట్టాలి. ఉంగరాలు ఉంగరాలుగా. చుట్టావనుకో, ఎంత నొక్కినా కిమ్మనదు."

"ఎక్కడ చుట్టావు?"

"మా తూబా ప్రెషర్ కుక్కర్లో."

సేమ్యాలూ జూల్బియా దాకా నిజమే. శుద్ధి కర్మాగారాల్లో ప్లాటినం పట్టించిన గుళికల మీదుగా వేడి ఆవిరిని పంపి చేసేది అదే పని. ఇందులో ఖుబాద్ సొంతంగా చేర్చింది కుక్కరు ఒక్కటే. అక్కడితో ఆగినా సరిపోయేది. నాఖుదా ముఖంలో వెలుగు చూసి అతనికి ఇంకా ఉత్సాహం వచ్చింది.

"నీకంటే ఎక్కువా ఖాలూ? అంతా నీదే అనుకో," అన్నాడు.

ఈ మాట మా దగ్గర టాక్సీ నడిపేవాడు కూడా దిగేవాడితో అంటాడు. అవతలివాడు "అయ్యో, వద్దు" అనాలి. ఇవతలివాడు మళ్ళీ ఇవ్వబోవాలి, అవతలివాడు మళ్ళీ వద్దనాలి. మూడో విడతకు ఇద్దరి మర్యాదా దక్కి ఎవరి దారిన వాళ్ళు పోవాలి. ఈ సంగతి జాసిబ్ నాఖుదాకు తెలియక కాదు. ఆ వంతెన మీది నిశ్శబ్దానికి ఆయన మతి పోయింది.

"సరే అయితే. సాయంత్రం వచ్చి ఒక సీసా పట్టుకెళ్తా," అన్నాడు.

ఖుబాద్ ఆ పూట చేపలు ఏం కొన్నాడో అతనికే తెలియదు. సాయంత్రం అయ్యేసరికి పెరట్లో తన కారు ట్యాంకులోకి రబ్బరు గొట్టం దించి, నోటితో పీల్చి, ఖాళీ పన్నీరు సీసా నింపుతుంటే తూబా వచ్చి చూసింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఖాలూకి మందు."

"అది పెట్రోలు కదా!"

"ఆయన పోసుకునేది కూడా కారులోనే కదా. ఎవరికీ అన్యాయం జరగట్లేదు," అన్నాడు ఖుబాద్ ఉమ్మేస్తూ.

తూబా ఇంకేం అనలేదు. అనకపోవడమే ఆమెలో భయపడాల్సిన విషయం. ఖుబాద్‌కు భయపడే తీరిక లేకపోయింది.

మర్నాడు టీ కొట్టులో నాఖుదా సభ పెట్టాడు. "నేను వంతెన ఎక్కలేదర్రా. వంతెనే కిందికి వంగింది. మూడో గేరు వేద్దామని చెయ్యి పెట్టేలోగా అవతలి ఒడ్డు వచ్చేసింది. నిమిషం ఆలస్యమైతే పక్క ఊరు ఖుర్రంషహర్‌లో తేలేవాణ్ణి!" మామూలుగా అయితే అందరూ నవ్వి, టీ తాగి, అంతకంటే పెద్ద కోత కోసి లేచిపోవాలి. కానీ నాఖుదా జేబులోంచి సగం ఖాళీ అయిన పన్నీరు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మా ఊళ్ళో ఒక కోతకు సాక్ష్యం చూపించడం ఎవరూ ఎరగరు. జనం బిత్తరపోయారు. నమ్మడం అలవాటు లేనివాళ్ళు నమ్మడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో వాళ్ళకు తెలియదు.

ఆ సాయంత్రం ఖుబాద్ గుమ్మం ముందు ముగ్గురు నిలబడ్డారు. మర్నాడు పదిమంది. ఎవరూ ఊరికే రాలేదు. ఒకరు చేపల పులుసు తెచ్చారు, ఒకరు వేడి వేడి సంబూసాలు తెచ్చారు, మూల మీది మంగలి తన పెరటి చెట్టు ఖర్జూరాలని చెప్పి గంపెడు తెచ్చి, నిజానికి అతనికి పెరడూ లేదు ఖర్జూరపు చెట్టూ లేదు, స్కూటరుకు చిన్న సీసా పట్టుకెళ్ళాడు. అందరి బళ్ళూ ఎగిరిపోయాయి. ఒకాయన కారులో కూలరు కూడా చల్లగా వీస్తోందన్నాడు. ఇంకొకాయన తన కారు పాటలు పెట్టకుండానే హుషారుగా ఉందన్నాడు. మంగళవారానికి ఫ్రిజ్ తలుపు పట్టక తాడుతో కట్టాల్సి వచ్చింది.

"ఇక సీసాలు నేను నింపుతా," అంది తూబా ఆ రోజు. "పాపం, వెనకింటావిడ రొయ్యల పులావు పంపింది. దానికి బదులు బంకు పెట్రోలు పంపుతావా? మనమేం అలాంటి ఇంట్లో పుట్టామా?"

"మందుంటేగా ఇవ్వడానికి?"

"అది నేను చూసుకుంటా. నువ్వు ఇందులో వేలు పెట్టకు."

ఖుబాద్ సంతోషంగా వేలు తీసేశాడు. నాలుగు రోజులుగా ఏం తిన్నా పెట్రోలు రుచే వస్తోంది. ఇకనుంచి సీసాలు వాటంతటవే నిండి, మూతలకు ఎర్రదారం కట్టుకుని గుమ్మం పక్కన వరసగా నిలబడేవి. ఏం చెప్పి ఇస్తోందో, ఏం పోసి ఇస్తోందో అతను అడగలేదు.

ఇక్కడితో కూడా పోయేదేమో. కానీ పరీక్షశాలకు రెండు నెలల కిందట సెపెహ్రీ అనే కొత్త మేనేజరు వచ్చింది. తెహరాన్ మనిషి. తెలివైనదే, మంచిదే, కాకపోతే చెప్పినది చెప్పినట్టుగా వింటుంది. మా ఊళ్ళో అది పెద్ద వైకల్యం. స్టోరూ, భద్రతా చూసుకుంటూ, అవసరమైతే ఆమె కారు కూడా నడిపే కలాంతరీ, గురువారం పొద్దున ఆమె చెవిన ఈ వార్త వేశాడు. ఆమె ఖుబాద్‌ను పిలిపించింది.

"ఖుబాద్ గారూ, మీరు ఇంట్లో ప్రెషర్ కుక్కర్లో పెట్రోలు శుద్ధి చేస్తున్నారట?"

ఊరి మనిషైతే ఈ మాట పూర్తికాకుండానే పగలబడి నవ్వాలి. ఖుబాద్ ఆ నవ్వు కోసం ఆగాడు. రాలేదు.

"అదీ... ఊరికే అన్నాను ఖానుమ్."

"ఊరికే అంటే? అనలేదా?"

"అనలేదని కాదు. అన్నాను. కానీ అనడం వరకే."

"చెయ్యని పని చేశానని ఎందుకంటారు?"

ఆబాదాన్‌లో పుట్టని మనిషికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే మార్గం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఖుబాద్ టోపీ లేని తల మీద టోపీ సర్దుకున్నాడు.

"సీసాలు మాత్రం నిజంగా ఉన్నాయి కదా," అంది సెపెహ్రీ. "కుక్కర్లో ఆ పని కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్ళో కార్లకి టకటక ఆగిపోయిందంటే, ఆపే ద్రవం ఈ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది. మన తాళం గదిలో. దాని తాళంచెవి కలాంతరీ గారి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి."

ఖుబాద్ చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి వెళ్ళింది.

"శనివారం ఆ సీసాలు మన ఇంజను మీదే పరీక్ష చేద్దాం. మీరే చెయ్యండి, నేను చూస్తాను. బంకు పెట్రోలైతే మీరు అబద్ధం ఆడారంతే, దానికి నేను చేసేదేమీ లేదు. నూరు వచ్చిందంటే మాత్రం ఆ కుర్చీలో మీరు కూర్చోవడం అదే ఆఖరు."

పద్దెనిమిదేళ్ళ కాపురం ఆ ఇంజనుతో. దాని మూలుగు వింటే ఇవాళ దానికి ఏం బాలేదో చెప్పగలడు. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వస్తుందేమో గానీ, ఆ ఇంజను ముందు ఇంకెవరో కూర్చుంటే అతను చూడలేడు. ఇంటికి నడుస్తుంటే మాత్రం దారి మధ్యలో ఒక ఊరట తట్టింది. సీసాల్లో ఉన్నది బంకు పెట్రోలే! ఎనభై ఏడు వస్తుంది, దొంగ కాదని తేలుతుంది. కోతలరాయుడని కూడా తేలుతుంది, నిజమే. ఆబాదాన్‌లో కోత కోయడం తప్పు కాదు, దాన్ని ఒప్పుకోవడం తప్పు. అయినా దొంగ కంటే అదే నయమని గుండె రాయి చేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కలాంతరీ వీధిలోకి వచ్చి ఎర్రదారం కట్టిన సీసాలు ఎనిమిది స్వాధీనం చేసుకుని, ఎనిమిదీ అని గట్టిగా లెక్కపెట్టి మరీ పట్టుకుపోయాడు. తూబా గుమ్మంలో నిలబడి చూసింది.

శనివారం పొద్దున ఇంజను గదిలో బల్ల మీద సీసాలు పెట్టి ఉన్నాయి. సెపెహ్రీ చేతులు కట్టుకుని నిలబడింది. కలాంతరీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఖుబాద్ గొంతు సవరించుకున్నాడు.

"ముందే చెప్పేస్తున్నా ఖానుమ్. ఇది బంకు పెట్రోలు. కుక్కరూ లేదు, చుట్టడమూ లేదు. నా కారు దగ్గితే డిస్ట్రిబ్యూటర్ నట్టు తిప్పాను. మిగతాదంతా కోత. నేను కోశాను. ఎనభై ఏడు వస్తుంది, చూడండి."

పెళ్ళిలో ఒప్పుకోలు చెప్పినప్పుడు కూడా అతను ఇంత కష్టపడలేదు. సీసా వంచి పెట్రోలు పోశాడు, ఇంజను నడిపాడు, పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

ఎనభై. నిశ్శబ్దం. ఎనభై అయిదు. ఎనభై ఏడు. ఖుబాద్ చెవి ఒగ్గాడు. టకటక లేదు. ఎనభై తొమ్మిది.

"టకటకమనవే తల్లీ, టకటకమను," అన్నాడు నెమ్మదిగా. ఇంజను టకటకను పద్దెనిమిదేళ్ళూ కొలిచిన మనిషి, టకటకమనమని దాన్ని బతిమాలడం అదే మొదలు. ఇంజను హాయిగా గుర్రు పెడుతూ తొంభై దాటింది. తొంభై అయిదు దాటింది. నూరు దగ్గరికి వచ్చాక, అదీ సెపెహ్రీ వినగలిగేంత స్పష్టంగా, టకటకమంది.

"నూరు," అంది సెపెహ్రీ.

"ఇంజనుకు ఒంట్లో బాలేదు!" అన్నాడు ఖుబాద్. కొలబద్ద ద్రవాలు పోసి సరిచూశాడు. ఇంజను నిక్షేపంలా ఉంది. ఇంకో సీసా పోశాడు. నూరు. మూడోది పోశాడు. నూటికి కాస్త పైన.

"డిస్ట్రిబ్యూటర్ నట్టు తిప్పానన్నారు," అంది సెపెహ్రీ. "మీ కారులో తిప్పిన నట్టు ఈ సీసాలోకి ఎలా వచ్చింది?"

జీవితంలో మొదటిసారి ఖుబాద్ నిజం తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. జీవితంలో మొదటిసారి ఎవరూ అతన్ని నమ్మడం లేదు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు బయట పెళ్ళి ఊరేగింపులాగా హారన్లు మోగాయి. అల్లుడిలాంటివాడికి ఆపద వచ్చిందని నాఖుదా వీధిలోని కార్లన్నీ వరస కట్టించి తీసుకొచ్చాడు. కాపలావాణ్ణి తోసుకుని ఇంజను గదిలోకి వచ్చి, కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, సెపెహ్రీ ముందు ఛాతీ విరుచుకున్నాడు.

"చూడమ్మా, ఖుబాద్ గురించి నేను సాక్ష్యం చెప్తా. ఇలాంటి పనివాడు ఈ గల్ఫ్ మొత్తంలో లేడు! నా కళ్ళతో చూశా. కుక్కరు కూత పెట్టేది, అవతలినుంచి నూరు మార్కుల పెట్రోలు ధారగా దిగేది!"

"ఖాలూ, ఆగు," అన్నాడు ఖుబాద్.

"నువ్వు సిగ్గుపడకు. దానికి కావలసిన మూల ద్రవం రోజూ ఇక్కణ్ణించే ఫ్లాస్కులో పట్టుకొస్తాడమ్మా, ఎంత కష్టపడతాడో!"

"అది టీ ఫ్లాస్కు!" అని ఖుబాద్ అరిచాడు.

"టీ అనే చెప్పాలి గదా బయటికి," అని నాఖుదా సెపెహ్రీకి కన్ను గీటాడు.

సెపెహ్రీ కన్ను గీటలేదు. కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఖుబాద్ గోడకు ఆనుకుని జారి నేల మీద కూర్చున్నాడు. అప్పటికి నాఖుదా వెనకాల గుంపులోంచి తూబా ముందుకు వచ్చింది. ఆమె చేతిలో తుప్పు పట్టిన రేకు డబ్బా ఉంది.

"ఏం దొంగతనం అంటున్నారు? మా ఆయన దొంగా?"

"ఈ సీసాల్లో ఉన్నది మా తాళం గదిలోని ద్రవమమ్మా," అంది సెపెహ్రీ.

"మీ గదిలోది మాకెందుకు? మా పెరట్లోది చాలదా?" అంటూ తూబా డబ్బా బల్ల మీద పెట్టింది. "మొన్న గేటుకు రంగు వేయించాం. థిన్నర్ రెండు డబ్బాలు మిగిలిపోయింది. ఈయనేమో మందు మందని పేరు పెట్టి ఉత్త పెట్రోలు ఇస్తున్నాడు. రొయ్యల పులావు పంపినవాళ్ళకి ఉత్త పెట్రోలా? కనీసం మందు వాసనైనా రావాలి గదా. సగం పెట్రోలు, సగం థిన్నర్ పోశా. ఇంత ఘాటైన వస్తువు ఇచ్చాకే నాకు నిద్ర పట్టింది."

సెపెహ్రీ డబ్బా మూత తీసి వాసన చూసింది.

"థిన్నర్‌లో ఎక్కువగా ఉండేది టోలుయీన్," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "ఉంగరంలా చుట్టుకున్న అణువు. నూరు దాటుతుంది..."

"జూల్బియా!" అన్నాడు నేల మీంచి ఖుబాద్.

బంకు పెట్రోలు తెప్పించారు. సగం అది, సగం డబ్బాలోది కలిపారు. ఖుబాద్ లేచి కుర్చీలో కూర్చుని పిడి తిప్పాడు. ఎనభై ఏడు, తొంభై, తొంభై అయిదు, నూరు. అతనికి ఆ టకటక సన్నాయి మేళంలా వినిపించింది. సెపెహ్రీ రాసిన కాగితం నాలుగు ముక్కలుగా చింపింది.

"క్షమించండి ఖుబాద్ గారూ. మీరు దొంగ కాదు. పక్కా కోతలరాయుడు, అంతే."

"దేవుడు మీకు నూరేళ్ళు ఇవ్వాలి ఖానుమ్," అన్నాడు ఖుబాద్. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

కథ సుఖాంతమైందని అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా, తలుపు దగ్గర్నుంచి కలాంతరీ గొంతు సన్నగా వినిపించింది.

"ఖానుమ్, ఒక సందేహం. థిన్నర్ పోస్తే కారుకేమన్నా అవుతుందా?"

"పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, మెత్తబడతాయి. రెండు రోజుల్లో పెట్రోలు కారడం మొదలవుతుంది. ఎందుకు?"

అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆవరణలో వరసగా నిలబెట్టిన వీధి కార్లన్నిటి కిందా, చిన్నపిల్లలు చేసే పనిలాగా, ఒక్కో మడుగు మెల్లగా పెద్దదవుతోంది. మంగలి స్కూటరు కింద కూడా, దాని స్థాయికి తగ్గట్టు. ఈ అందమంతా చూస్తూ నాఖుదా జేబులోంచి సిగరెట్టు తీశాడు.

"ఖాలూ!" అని ఇరవైమంది ఒక్క గొంతుతో కేక పెట్టారు. నాఖుదా సిగరెట్టును అగ్గిపెట్టెతో సహా కిటికీలోంచి నదివైపు విసిరేశాడు. జీవితంలో ఆయన మాట్లాడకుండా చేసిన పని అదొక్కటే.

కలాంతరీ మాత్రం వీధి కార్ల వైపు చూడటం లేదు. ఉద్యోగుల కార్లు నిలిపే షెడ్డు వైపు చూస్తున్నాడు. తూబా ఆ చూపు పట్టుకుంది. తర్వాత బల్ల మీది సీసాల వైపు చూసింది.

"నాయనా, మా గుమ్మం ముందు ఎనిమిదీ అని అరిచి మరీ లెక్కపెట్టావు. ఇక్కడ అయిదే ఉన్నాయే?"

కలాంతరీ నుదురు తుడుచుకున్నాడు. సెపెహ్రీ అతని వైపు తిరిగింది.

"ఒకటి... నా కారులో పోశాను ఖానుమ్. వంతెన ఎక్కేటప్పుడు మరీ దగ్గుతోందని. సాక్ష్యం ఎంత బలమైందో చూద్దామనీ."

"మిగతా రెండు?"

కలాంతరీ తన బూట్లను పరీక్షగా చూసుకున్నాడు. "మీ కారు కూడా దగ్గుతుంది ఖానుమ్. మీరు తెహరాన్‌వాళ్ళు, మొహమాటపడి చెప్పరేమోనని..."

సెపెహ్రీ షెడ్డు వైపు తిరిగింది. "పొద్దున వస్తూ కారు ఎంత హాయిగా నడుస్తోందని నేనే అన్నాను," అంది. షెడ్డులో ఆమె తెల్ల కారు కింద మడుగు అన్నిటికంటే పెద్దది. పదవికి తగ్గట్టే ఉంది.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చెంప మీద చెయ్యి పెట్టుకుంది. కోపగించుకోబోతోందని అందరూ బిగుసుకున్నారు. మొదట ఆమె భుజాలు కదిలాయి, తర్వాత గొంతు కదిలింది, ఆ తర్వాత ఆపుకోలేక ఆబాదాన్ మనిషిలాగే పగలబడి నవ్వింది. ఆమెతోపాటు ఇంజను గదంతా నవ్వింది. కలాంతరీ కూడా అనుమతి ఉందో లేదో చూసుకుని నవ్వాడు.

"ఖుబాద్ గారూ," అంది కళ్ళు తుడుచుకుంటూ, "గొట్టాలు మార్చడం మీకు వచ్చా?"

"భలేవారే! ఈ దేశంలో నా అంతటి..." అని మొదలుపెట్టిన ఖుబాద్ తూబా ముఖం చూసి ఆగిపోయాడు. "వచ్చు ఖానుమ్. మామూలుగా వచ్చు."

"అయితే సాయంత్రం నుంచి అందరివీ మార్చండి. కలాంతరీ గారు మీకు పానాలు అందిస్తారు. ఇప్పుడు మాత్రం కుర్చీలోంచి లేవకండి. ట్యాంకర్ల నమూనాలు నాలుగు వచ్చి ఉన్నాయి, మీరు తప్ప ఎవరు చూస్తారు?"

ఖుబాద్ ఇంజను పిడి మీద చెయ్యి వేసి, ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని ఒకసారి నిమిరాడు. తూబా చూసింది. చూసి కొంగుతో కాదు, తలమీది రుమాలు అంచుతో ముక్కు తుడుచుకుంది.

అందరూ కార్లు తోసుకుంటూ బయటపడుతుంటే నాఖుదా వెనక్కి వచ్చి ఖుబాద్ చెవి దగ్గర వంగాడు.

"అవన్నీ సరేలేరా. మొదట్లో థిన్నర్ లేదు గదా, మరి నీ కారు దగ్గు ఎలా పోయింది?"

"డిస్ట్రిబ్యూటర్ నట్టు తిప్పాను ఖాలూ."

నాఖుదా కాసేపు అతని ముఖంలోకి చూసి, బాధగా కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకు. నా దగ్గర కూడా ఇంత పిసినారితనమా?" అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పై ఆఫీసుకు పంపే నివేదికను సెపెహ్రీ స్వయంగా రాసింది. ఫిర్యాదు నిరాధారమని తేలినట్టు, స్వాధీనం చేసుకున్న సీసాలు ఎనిమిదైనట్టు, పరీక్షకు అందినవి అయిదైనట్టు ఏమీ దాచకుండా పేర్కొంది. తక్కిన మూడూ ఆబాదాన్ ఎండకు ఆవిరైపోయాయని రాసింది, సీసాలతో సహా.